మొరాయించినా మోజు తీరని ‘ఎక్స్’

అమెరికాలోని లాస్‌ఏంజెలెస్‌కు ఉత్తరాన, వాలెన్సియా దగ్గరున్న సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్ పార్కులో ‘ఎక్స్’ అనే రోలర్ కోస్టర్‌ను 2002 జనవరి 12న అందరికీ తెరిచారు. బండి పట్టాల మీద దూసుకుపోతుంటే, అందులోని సీట్లు ముందుకీ వెనక్కీ పూర్తి పల్టీలు కొడతాయి. అలాంటి కోస్టర్ ప్రపంచంలో అంతకుముందు లేదు. కానీ తెరిచిన ఏడాదే, వేసవి రద్దీ మొదలయ్యే వేళకు అది మూతపడింది. ఆగస్టులో మళ్లీ తెరిచారు. 2007 డిసెంబరులో మరోసారి ఆపి, బోగీలన్నీ మార్చి, 2008 మే 24న ‘ఎక్స్2’ అని కొత్త పేరుతో వదిలారు. ఆ పేరుతోనే ఇప్పటికీ నడుస్తోంది. నడిచినన్నాళ్లూ దాని మీద తగువు కూడా నడుస్తూనే ఉంది. ‘ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని అనుభవం’ అనేవాళ్లు ఒకవైపు, ‘ఎప్పుడు వెళ్లినా మూసే ఉంటుంది, ఎక్కితే ఒళ్లు హూనం’ అనేవాళ్లు మరోవైపు.

ఈ తగువులో ‘నమ్మలేని బండి’ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు ఫిర్యాదులు దాక్కున్నాయి. చెప్పిన సమయానికి తెరవలేదన్నది మొదటిది. తెరిచాక తరచూ ఆగుతోందన్నది రెండోది. ఎక్కినవాళ్లను కుదిపి వదులుతుందన్నది మూడోది. మూడింటికీ కారణాలు వేరు, జవాబు చెప్పాల్సినవాళ్లూ వేరు. వీటిని విడదీసి చూడకపోతే ఎక్స్ మీద వచ్చే పొగడ్తా అర్థం కాదు, తెగడ్తా అర్థం కాదు.

నాలుగు పట్టాల సంగతి

మామూలు రోలర్ కోస్టర్‌కు రెండు పట్టాలు చాలు. బండి వాటి మీద నడుస్తుంది, సీటు బండికి బిగించి ఉంటుంది. పట్టా ఎటు తిరిగితే మనిషీ అటే తిరుగుతాడు. ఎక్స్‌లో పట్టాలు నాలుగు. రెండు బండిని మోయడానికి, మిగతా రెండు సీట్లను తిప్పడానికి. సీట్లు పట్టాల పైన ఉండవు, రెక్కల్లా రెండు పక్కలకూ చాచి ఉంటాయి. ఒక్కో బోగీకి ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఏడు బోగీలు కలిపి 28 మంది. బండి వెడల్పు సుమారు 20 అడుగులు. కూర్చున్నవాళ్లకు కాళ్ల కిందా తల మీదా పట్టా ఉండదు, ఖాళీ గాలే.

సీటు తిరగడానికి మోటారు లేదు. ఎప్పుడు ఎంత తిరగాలో చెప్పే కంప్యూటరూ బండిలో లేదు. సీట్లను తిప్పే జంట పట్టాలు, బండి నడిచే పట్టాలకంటే కొన్నిచోట్ల పైకి లేస్తాయి, కొన్నిచోట్ల కిందికి దిగుతాయి. ఆ ఎత్తుపల్లాలను పట్టుకుని నడిచే చక్రాలు పళ్లున్న ఒక కడ్డీని పైకీ కిందికీ కదుపుతాయి. కడ్డీ కదిలితే దానికి ఆనుకున్న పళ్లచక్రం తిరుగుతుంది, దాంతోపాటు సీటు ఇరుసు తిరుగుతుంది. కారు స్టీరింగ్‌లో వాడే ర్యాక్, పినియన్ ఏర్పాటే ఇదీ. అంటే ఏ క్షణంలో మనిషి తలకిందులవ్వాలో, ఎప్పుడు వెల్లకిలా పడాలో అంతా ఉక్కులోనే రాసిపెట్టి ఉంది. పొద్దున ఎక్కినవాడికీ సాయంత్రం ఎక్కినవాడికీ ఒకే చోట ఒకే పల్టీ.

చెప్పుకోవడానికి సులువుగా ఉన్న ఈ ఏర్పాటులో చిక్కు బరువు దగ్గర వస్తుంది. పట్టాకు దూరంగా చాచిన రెక్క మీద ఇద్దరు మనుషులు, రెండు సీట్లు, ఇరుసు, పళ్లచక్రాలు ఉన్నాయి. బండి గంటకు 122 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగేటప్పుడు ఆ బరువు అనేక రెట్లయి చక్రాల మీద, బేరింగుల మీద పడుతుంది. రెక్క ఎంత పొడవైతే మెలితిప్పే బలం అంత ఎక్కువ. పైగా ఇక్కడ కదిలే భాగాలు మామూలు కోస్టర్‌లో ఉండేవాటికి ఎన్నో రెట్లు. అరిగే చోటు ప్రతిదీ ఆగే చోటే.

పైకి వెళ్లేది వీపు చూపిస్తూ

స్టేషన్ నుంచి బండి కదిలేటప్పుడు ఎక్కినవాళ్లు వెనక్కి తిరిగి ఉంటారు. చైను బండిని గుట్టలా ఉన్న పట్టా మీదికి లాక్కుపోతుంటే ఎదురుగా పార్కు, పార్కింగు స్థలం, దూరంగా కొండలు మెల్లగా కిందికి దిగిపోతూ కనిపిస్తాయి. ఎంత ఎత్తుకు వచ్చిందీ, శిఖరం ఇంకెంత దూరమున్నదీ తెలియదు. వెనకాల ఏముందో చూసుకునే వీల్లేదు. శిఖరం ఎత్తు 175 అడుగులు, కానీ మొదటి దిగుడు 215 అడుగులు. ఎత్తును మించిన దిగుడేమిటన్న అనుమానం సహజం. నేల అక్కడ వాలుగా ఉంది, దిగుడు చివర పట్టా శిఖరం మొదలుకంటే పల్లంలో ఉంటుంది.

పైన చిన్న పల్లం ఒకటి దాటగానే సీట్లు తిరుగుతాయి. అంతవరకూ ఆకాశం చూస్తున్న మనిషి ఒక్కసారిగా నేలకు మొహం పెట్టి, తల ముందుగా, దాదాపు నిలువునా పడిపోతాడు. వాలు 88.5 డిగ్రీలు. ఎదురుగా పట్టా లేదు, ముందు సీటు లేదు, నేల మాత్రమే ఉంది. ఎక్స్‌ను తిట్టేవాళ్లు కూడా ఈ కొన్ని సెకన్ల గురించి మాట తూలరు. కోస్టర్ల గురించి పట్టింపున్నవాళ్లలో చాలామంది దీన్ని ప్రపంచంలోని గొప్ప మొదటి దిగుళ్లలో ఒకటిగా లెక్కిస్తారు. అది అతిశయోక్తి కాదు. అంతకంటే ఎత్తయిన కోస్టర్లు చాలా ఉన్నాయి. ఎత్తు నుంచి పడిపోతున్నానన్న నమ్మకం మాత్రం ఇంత నిక్కచ్చిగా కలిగించేవి అరుదు.

ఆ తర్వాతి భాగంలోనే అభిప్రాయాలు చీలిపోతాయి. ‘రేవెన్ టర్న్’ అని పేరుపెట్టిన సగం చుట్లు, వెనక పల్టీ, ముందు పల్టీ, మెలికలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. మొత్తం పట్టా పొడవు 3,610 అడుగులు. నేల ఎటుందో, ఆకాశం ఎటుందో మెదడు తేల్చుకునేలోపే ఇంకో పల్టీ. ఇదే కావాలని వెళ్లినవాళ్లకు ఇదే గొప్ప. మిగతా కోస్టర్లలో కళ్లు రాబోయే మలుపును ముందే చూస్తాయి, ఒళ్లు దానికి సిద్ధమవుతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. అదే కారణానికి కొందరికి నచ్చదు. ‘ఏం జరిగిందో గుర్తే లేదు, రెండు నిమిషాలు మిక్సీలో వేసి తీసినట్టుంది’ అని వాళ్ల ఫిర్యాదు. రెండు వర్గాలూ వర్ణిస్తున్నది ఒకే అనుభవాన్ని.

అరువు తేలేని అనుభవం

ఎక్స్‌ను తయారుచేసింది యూటా రాష్ట్రంలోని యారో డైనమిక్స్ కంపెనీ. రూపకర్త అలన్ షిల్కీ. అమెరికాలో ఉక్కు కోస్టర్ చరిత్ర రాస్తే అందులో సగం పేజీలు యారోవే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో కాలిఫోర్నియాలో చిన్న మెషిన్ షాపుగా మొదలైన ఈ సంస్థే డిస్నీలాండ్ కోసం 1959లో గొట్టపు ఉక్కు పట్టాల మీద నడిచే మొదటి కోస్టర్ మ్యాటర్‌హార్న్‌ను కట్టింది. 1975లో నాట్స్ బెర్రీ ఫామ్‌లో మనుషుల్ని మరమేకులా తిప్పే కార్క్‌స్క్రూను నిలబెట్టింది. 1989లో ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో 200 అడుగులు దాటిన మొదటి కోస్టర్ మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200 కూడా వాళ్ల చేతి పనే.

అదే యారోకు చేదు అనుభవమూ ఉంది. 1981లో ఒహాయోలోని కింగ్స్ ఐలండ్ పార్కులో ‘ది బ్యాట్’ అని పట్టా కింద వేలాడుతూ ఊగే కోస్టర్‌ను పెట్టింది. ఆ తరహాలో అదే మొదటిది. మలుపుల్లో పట్టాకు తగినంత వాలు ఇవ్వకపోవడంతో ఊగే బోగీల తాకిడంతా బండి భాగాల మీద పడి అవి తొందరగా చెడిపోయేవి. నడిచిన రోజులకంటే ఆగిన రోజులే జనానికి గుర్తుండిపోయాయి. 1983 తర్వాత అది నడవలేదు. కానీ బ్యాట్ నేర్పిన పాఠంతోనే యారో ఆ తర్వాత వేలాడే కోస్టర్లను పట్టాకు తగిన వాలిచ్చి కట్టింది. మ్యాజిక్ మౌంటెన్‌లో 1988 నుంచి నడుస్తున్న నింజా అలాంటిదే. మొదటిది దెబ్బతింటే రెండోది బాగుపడటం ఈ రంగంలో పాత ఆనవాయితీ. దెబ్బ మాత్రం మొదటిది కొన్న పార్కు భరించాలి.

ఎక్స్ విషయంలో ఆ దెబ్బ కట్టినవాళ్లకే ఎక్కువ తగిలింది. 2001 వేసవికి తెరుస్తామని పార్కు ముందే ప్రచారం చేసింది. వేసవి పోయింది, చలికాలం వచ్చింది. సీజన్ పాసులున్నవాళ్లకు డిసెంబరు ఆఖర్లో గానీ ఎక్కే వీలు దొరకలేదు. అదే డిసెంబరులో యారో దివాలా పిటిషన్ పెట్టింది. ఒక్క ఎక్స్ వల్లే యారో మునిగిందనడం సరికాదు. 1990ల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన బి అండ్ ఎం, ఇంటామిన్ లాంటి కంపెనీలు మార్కెట్‌ను లాక్కుపోయాయి, యారో ఆర్డర్లు అప్పటికే సన్నగిల్లాయి. అయినా ఆఖరి తోపు ఎక్స్‌దే. దీనికైన ఖర్చు సుమారు 4.5 కోట్ల డాలర్లని చెబుతారు. 2002 అక్టోబరులో యూటాకే చెందిన ఎస్ అండ్ ఎస్ కంపెనీ యారో ఆస్తులను కొనేసింది. బండి కట్టిన కంపెనీ లేకుండానే, రోజూ పేచీ పెట్టే కొత్త బండి పార్కు చేతిలో మిగిలింది. మొదటి ఫిర్యాదుకు, అంటే ఆలస్యానికి, జవాబు ఇక్కడే ఉంది. సాధ్యాసాధ్యాలు తేలకముందే తేదీ ప్రకటించిన పార్కుదీ, ఒప్పుకున్న కంపెనీదీ సమానమైన తప్పు.

ఎందుకు ఆగుతుంది

రోలర్ కోస్టర్ ఆగిందంటే ఏదో విరిగిందని జనం అనుకుంటారు. చాలాసార్లు విరిగేది ఏమీ ఉండదు. పట్టా మొత్తాన్ని ‘బ్లాకులు’గా విడగొడతారు. ఒక బ్లాకులో ఒకే బండి ఉండాలి. ముందున్న బ్లాకు ఖాళీ అయ్యిందని సెన్సర్లు చెబితేనే వెనక బండికి దారి వస్తుంది. ఒక సెన్సర్ ఆలస్యంగా స్పందించినా, రెండు సెన్సర్లు రెండు మాటలు చెప్పినా కంట్రోల్ వ్యవస్థ అనుమానం కిందే లెక్కేసి బండిని నిలిపేస్తుంది. మెకానిక్ వచ్చి, చూసి, సంతకం పెట్టి, ఖాళీ బండిని తిప్పి చూశాకే మళ్లీ మనుషుల్ని ఎక్కిస్తారు. అలా ఆగడం వ్యవస్థ పనిచేస్తోందనడానికి గుర్తు. క్యూలో గంటన్నర నిలబడ్డవాడికి ఈ మాట చెవికెక్కదు, అది వేరే సంగతి.

ఎక్స్‌కు మాత్రం సెన్సర్లతోపాటు అరుగుదల కూడా ఉంది. పళ్లచక్రాలు, ఇరుసులు, అదనపు చక్రాలు, 28 సీట్లకూ విడివిడిగా తాళం పడే భుజాల కవచాలు, అన్నిటినీ చూసుకోవాలి. ఒక చక్రం మార్చాలంటే బండి పక్కకు రావాలి. విడిభాగాలూ బజారులో దొరికేవి కావు. ఇలాంటి కోస్టర్లు ప్రపంచం మొత్తం మీద మూడే ఉన్నాయి, మూడూ మూడు దేశాల్లో. ఏ భాగమైనా ఆర్డరిచ్చి చేయించుకోవాల్సిందే.

మరో కారణం చాలామంది గమనించనిది. సీడర్ పాయింట్ లాంటి ఉత్తరాది పార్కులు మంచు కురిసే నెలల్లో గేట్లు మూసేస్తాయి. ఆ నెలల్లో బోగీలన్నీ విప్పి, ప్రతి వెల్డింగునూ పరీక్షించి, రంగు వేసి మళ్లీ బిగిస్తారు. ఆ పనంతా జనం కంటపడదు. మ్యాజిక్ మౌంటెన్‌కు అలాంటి చలికాలం లేదు. 2018లో ఏడాది పొడవునా పార్కు తెరిచి ఉంచే పద్ధతి పెట్టింది. ఇక్కడ ఏ పెద్ద మరమ్మతైనా టికెట్టు కొన్నవాళ్ల కళ్ల ముందే, ‘మూసి ఉంది’ అన్న బోర్డు వెనకే జరగాలి. ఒహాయోలో జనవరిలో గుట్టుగా అయిపోయే పని కాలిఫోర్నియాలో పరువు తక్కువగా కనిపిస్తుంది.

ఆగని బండి క్షేమమైనదన్న నమ్మకమూ తప్పే. నార్త్ కరోలినా సరిహద్దులోని కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే కోస్టర్ ఉంది. కట్టింది బి అండ్ ఎం, నమ్మకానికి మారుపేరుగా చెప్పుకునే కంపెనీ. అభిమానుల ఓటింగుల్లో ఏళ్ల తరబడి అగ్రస్థానంలో నిలిచింది. 2023 జూన్ 30న ఒక సందర్శకుడు దాని ఉక్కు స్తంభం పైభాగంలో పగులు చూశాడు. బండి వెళ్లినప్పుడల్లా ఆ పగులు తెరుచుకుంటున్న వీడియో లోకమంతా తిరిగింది. స్తంభం మార్చి, పరీక్షలు చేసి ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పగులు బయటపడే దాకా ఆ కోస్టర్ చక్కగా నడుస్తూనే ఉంది.

ఒళ్లు హూనం

మూడో ఫిర్యాదు దగ్గర ఎక్స్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు కూడా కాస్త తగ్గుతారు. బండి కుదుపు నిజమే. పట్టాకు దూరంగా ఉన్న సీటులో ప్రతి చిన్న అదురూ పెద్దదవుతుంది. కాబట్టే ఎక్కి దిగిన అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు లోపలి సీటు ఎంచుకోమని సలహా ఇస్తారు. బయటి సీటులో గాలీ, దృశ్యమూ, భయమూ ఎక్కువ, దెబ్బా ఎక్కువే. తల వెనక్కి ఆనించి, ఒళ్లు బిగపట్టకుండా కూర్చోవాలన్నది ఇంకో సలహా. మెడనొప్పి, నడుంనొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఇలాంటివి ఎక్కకూడదని పార్కులు పెట్టే హెచ్చరిక బోర్డును క్యూలో ఎవరూ చదవరు. ఇక్కడైనా చదవాలి.

కుదుపుకు పాత ఎక్స్‌లో బరువు ఒక కారణం. 2008లో పార్కు కోటి డాలర్లు పెట్టి తెచ్చిన కొత్త బోగీలు తేలికైనవి. అవి కట్టింది ఎస్ అండ్ ఎస్. ఆ డబ్బుతోనే పట్టాకు కొత్త రంగు వేశారు, బండిలో స్పీకర్లు పెట్టారు, దారిలో మంటలు చిమ్మే యంత్రాలు నిలబెట్టారు. ప్రచారమంతా మంటల చుట్టూ, పాటల చుట్టూ తిరిగింది. మంటలు కంటికి ఇంపైన హంగు మాత్రమే. అసలు మార్పు బోగీల బరువులో ఉంది, దాని గురించి పోస్టర్ల మీద ఎవరూ రాయరు. కొత్త బోగీలతో కుదుపు తగ్గిందని చాలామంది ఒప్పుకున్నారు. పూర్తిగా పోయిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఎవరి మాట వినాలి

ఒకే కోస్టర్ మీద ఇంత తేడాగా మాట్లాడటానికి మాట్లాడేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది పెద్ద కారణం. చుట్టుపక్కల ఊళ్లలో ఉండి సీజన్ పాసు కొనుక్కున్నవాడికి ఎక్స్2 ఇవాళ మూసి ఉంటే వచ్చే వారం ఉంది. ఒకసారి ఆగినా అతనికి ఆ బండి మీద ప్రేమ తగ్గదు. మొండి ఎద్దును మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటాడు. న్యూజెర్సీ నుంచో, హైదరాబాద్ నుంచో వచ్చి ఒకే ఒక్క రోజు ఉన్నవాడి సంగతి వేరు. టికెట్టు, పార్కింగు, కిందే కూర్చుని అందరి బ్యాగులూ కాపలా కాసే పెద్దవాళ్ల ఓపిక, అన్నీ ఆ రోజుకే. బోర్డు తిప్పేసి ఉంటే అతనికి మిగిలేది కోపమే. ఇద్దరి అభిప్రాయాలూ నిజాయితీగలవే, రెండింటినీ కలిపి సగటు తీస్తే మాత్రం వచ్చేది ఏ ఒక్కరి అనుభవమూ కాదు.

క్యూ లెక్క కూడా కోపాన్ని పెంచుతుంది. ఒక బండిలో 28 మంది. రెండు నిమిషాలకో బండి కదిలితే గంటకు 840 మంది ఎక్కుతారు. 28 మందికీ భుజాల కవచాలు లాగి చూసేసరికి ఆలస్యమై నాలుగు నిమిషాలకో బండి కదిలితే ఆ సంఖ్య 420కి పడిపోతుంది. క్యూలో వెయ్యిమంది ఉన్నారనుకుంటే చివరివాడి నిరీక్షణ 71 నిమిషాల నుంచి 143 నిమిషాలకు పాకుతుంది. బండి ఒక్కసారి కూడా చెడిపోకుండానే జరిగే ఆలస్యమిది. పేరున్న పెద్ద కోస్టర్లు గంటకు వెయ్యిమందికి పైగా ఎక్కించుకుని పంపేస్తాయి. ఎక్స్2 మీద వచ్చే తిట్లలో కొంత భాగం నిజానికి దాని తక్కువ సామర్థ్యానికి చెందాలి.

చెడిపోవడాన్నే కోరుకున్న సందర్భమూ ఉంది. సీడర్ పాయింట్‌లో 2003లో తెరిచిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ నాలుగు సెకన్లలోపే గంటకు 193 కిలోమీటర్ల వేగం అందుకుని 420 అడుగుల గోపురం ఎక్కేది. గాలి ఎదురుకొట్టినప్పుడో, తోపు కాస్త తగ్గినప్పుడో బండి అంచు దాటలేక వచ్చిన దారినే వెనక్కి జారేది. అయస్కాంత బ్రేకులు దాన్ని మెల్లగా ఆపేవి. ఆ ‘రోల్‌బ్యాక్’ తమకు దొరకాలని మొక్కుకున్న అభిమానులుండేవారు. ఇంజినీరు లోపంగా రాసుకున్నదాన్ని ఎక్కినవాడు అదృష్టంగా చెప్పుకున్నాడు. అయితే అదే కోస్టర్ నుంచి 2021 ఆగస్టులో ఒక లోహపు ముక్క ఊడి క్యూలో ఉన్న మహిళకు తీవ్రంగా తగిలింది. దాంతో ఆ ముచ్చటకు తెరపడింది. కొత్త యంత్రాంగంతో టాప్ థ్రిల్ 2గా 2024 మే 4న తెరిచి, పది రోజులు కూడా నిండకముందే మూశారు. ఆ సీజన్ మొత్తం మళ్లీ తెరవలేదు. ఒకప్పుడు సరదాగా చెప్పుకున్న మొండితనం అలా విసుగుగా మారింది.

పొరుగున పోయినవాళ్లు

మ్యాజిక్ మౌంటెన్ మొదటి నుంచీ ‘మొదటిది’ కొనే పార్కు. 1976లో న్యూ రివల్యూషన్‌గా ఇప్పుడు పిలిచే కోస్టర్‌తో ఆధునిక నిలువు చుట్టును జనానికి పరిచయం చేసింది. ఆ పందెం బాగా కలిసొచ్చింది. తర్వాతివన్నీ అలా లేవు. 415 అడుగుల ఎత్తుకు బండిని విసిరే సూపర్‌మ్యాన్ ది ఎస్కేప్‌ను 1996కు చెప్పి 1997 మార్చిలో గానీ తెరవలేకపోయింది. 2001కి ఎక్స్‌తోపాటు ప్రకటించిన డేజా వూ కూడా కొత్త నమూనాయే. రెండు నిలువు స్తంభాల మధ్య ముందుకీ వెనక్కీ ఊగే ఆ కోస్టర్‌ను తయారుచేసింది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా. సిక్స్ ఫ్లాగ్స్ ఒకేసారి మూడు పార్కులకు దాన్ని కొనింది, మూడుచోట్లా అది మొరాయించింది. మ్యాజిక్ మౌంటెన్‌ది 2011 దాకా నడిచి, విప్పుకుని న్యూ ఇంగ్లండ్ పార్కుకు వెళ్లిపోయింది.

ఎక్స్ మాదిరిగానే సీట్లు తిరిగే మరో రకం కోస్టర్ గ్రీన్ లాంటర్న్ ఫస్ట్ ఫ్లైట్. ఇంటామిన్ కట్టింది, 2011లో వచ్చింది. అందులో సీట్లు తిరగడం పట్టా చేతిలో లేదు, ఎక్కినవాళ్ల బరువు ఎటు మొగ్గితే అటు. కూర్చున్నవాళ్ల బరువుల తేడాను బట్టి ఒకరికి పల్టీలు, మరొకరికి కుదుపులు మాత్రమే. కట్టడం సులువే గానీ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది మెచ్చలేదు. 2017 తర్వాత అది నడవలేదు, 2019లో విప్పేశారు. ఈ పోలిక ఎక్స్‌ను అర్థం చేసుకోవడానికి ముఖ్యం. పార్కు పాడైన ప్రతిదాన్నీ భరించదు. నమ్మకమూ లేక, అభిమానమూ లేక పోతే ఇనుప సామాను అవుతుంది. ఎక్స్ మీద ఆరేళ్ల తలనొప్పి తర్వాత కూడా కోటి డాలర్లు పెట్టిందంటే, ఆ బండి తెరిచిన రోజున గేటు దగ్గర కనిపించిన జనాన్ని పార్కు లెక్కపెట్టుకుందన్నమాట. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ తరగని క్యూ చెబుతోంది.

ఇలాంటి పందాలు అన్ని పార్కులకూ నప్పవు. ముంబై–పుణె దారిలో ఖోపోలి దగ్గరున్న ఇమాజికా 2013లో నైట్రోను పెట్టినప్పుడు బి అండ్ ఎం వారి నేల లేని కోస్టర్‌ను ఎంచుకుంది. ఆ నమూనా అప్పటికే 1999 నుంచి ఇతర దేశాల్లో నడిచి నిలదొక్కుకున్నది. ఒకే పెద్ద కోస్టర్ మీద పార్కు పేరు ఆధారపడినప్పుడు తెలిసిన దారే మేలు. ఒకదాని పక్కన ఒకటిగా పెద్ద కోస్టర్లు డజనుకు పైగా ఉన్న మ్యాజిక్ మౌంటెన్‌కు ఒకటి ఆగినా జనం పక్కదానికి వెళ్తారు. మొండిబండిని పోషించే స్తోమత ఆ పార్కుకుంది.

తోబుట్టువులు

షిల్కీ ఆలోచన యారోతో ఆగలేదు. ఎస్ అండ్ ఎస్ అదే నమూనాను సరిదిద్ది జపాన్‌లో ఫుజి కొండ పాదాల దగ్గరున్న ఫుజి-క్యూ హైలాండ్‌లో 2006 జులైలో ‘ఈజనైకా’ను కట్టింది. 76 మీటర్ల ఎత్తు, గంటకు 126 కిలోమీటర్ల వేగం. సీట్ల పల్టీలనూ కలిపి లెక్కేస్తే మనిషి 14 సార్లు తలకిందులవుతాడు. మూడోది ‘డైనోకొండ’. చైనాలో జియాంగ్సు రాష్ట్రంలోని ఛాంగ్‌ఝౌ నగరంలో డైనోసార్ల పార్కులో 2012లో వచ్చింది. ఆ ఏడాదే ఎస్ అండ్ ఎస్‌లో జపాన్‌కు చెందిన సాన్‌సే సంస్థ పెద్ద వాటా తీసుకుంది. షిల్కీ రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్‌తోనూ పనిచేసి, పాతబడి కుదిపేసే చెక్క కోస్టర్ల మీద ఉక్కు పట్టా వేసి కొత్తగా నిలబెట్టే పద్ధతికి పేరు తెచ్చాడు. ఎక్స్2కు పొరుగునే 2015లో తెరిచిన ట్విస్టెడ్ కొలోసస్ ఆ పనికి నిదర్శనం. కుదుపుకు పేరుపడ్డ కోస్టర్ గీసిన చేతికే, కుదుపు పోగొట్టడంలో ఆరితేరిన పేరు దక్కింది.

డైనోకొండ తర్వాత నాలుగు పట్టాల కోస్టర్‌ను ఇంకే పార్కూ తెరవలేదు. దాని చోటును ఎస్ అండ్ ఎస్ వారిదే ‘ఫ్రీ స్పిన్’ ఆక్రమించింది. 2015లో సిక్స్ ఫ్లాగ్స్ ఫియెస్టా టెక్సాస్ పార్కులో బ్యాట్‌మ్యాన్ పేరుతో మొదటిది వచ్చింది. అందులోనూ సీట్లు పక్కలకే ఉంటాయి, పల్టీలూ కొడతాయి. సీట్లను తిప్పడానికి వేరే పట్టాలు లేవు, పళ్లచక్రాలు లేవు. కొన్నిచోట్ల అయస్కాంతాలు సీటును తోస్తాయి, మిగతాది మనిషి బరువు చూసుకుంటుంది. కొద్ది స్థలంలో, కొద్ది ఖర్చులో పని అయిపోతుంది. అమెరికాలోనే అనేక పార్కులు దాన్ని కొన్నాయి. ఎత్తునుంచి తల ముందుగా 215 అడుగులు పడే దిగుడు మాత్రం వాటిలో లేదు.